రెండు వందల పద్నాలుగో కార్డు

ఆ పెట్టె కోసం ఆమె రెండు బస్సులు మారి, వానలో సగం తడిసి వచ్చింది. తీరా వచ్చాక అలమరలో దాని చోటు ఖాళీగా ఉంది.

"కంగారుపడకమ్మా, ఎక్కడికీ పోలేదు," అంది రికార్డుల మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "అదిగో, ఆ అబ్బాయి దగ్గరుంది."

టీచర్ ట్రైనింగ్ కాలేజీ రికార్డు గదిలో బల్ల ఒక్కటే. దాని దగ్గర గళ్ళచొక్కా వేసుకున్న ఒకతను పెట్టెను రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు కూర్చున్నాడు.

"ఏవండీ, ఆ పెట్టె నాది," అందామె.

అతను తలెత్తాడు. "పెట్టె మీద మీ పేరుందా?"

"తీసి ఉంచమని పోయిన వారమే ఫోన్ చేశాను."

"నేను పోయిన నెల ఉత్తరం రాశాను."

"ఉత్తరమా? ఈ రోజుల్లో ఉత్తరాలెవరు రాస్తారండీ?"

"చరిత్ర చదువుకున్నవాళ్ళు."

ఆమెకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయేంతలో తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా నాలుగు. అతను గబుక్కున లేచి పెట్టె మూత మూసేశాడు.

"కార్డులు తడుస్తాయి," అన్నాడు.

"నేను తడిస్తే ఫర్వాలేదన్నమాట!"

"మీరు ఆరుతారు. అరవై ఏడేళ్ళనాటి సిరా ఆరదు."

రికార్డుల మేడమ్ లేచొచ్చింది. "నా సర్వీసులో ఈ గదిలోకి ఇద్దరు ఒకేసారి రావడమే వింత. వచ్చినవాళ్ళు కొట్టుకోకండి. నువ్వు ముందునుంచి చదువుకుంటూ రా బాబూ. నువ్వు వెనకనుంచి మొదలుపెట్టమ్మా. మధ్యలో కలుసుకోండి."

అలా తీర్పు చెప్పేసి, ఆమె తన రిజిస్టరులోకి వెళ్ళిపోయింది.

ఆ పెట్టెలో నాలుగు వందల ఇరవై ఏడు కార్డులున్నాయి. అరవై ఏడేళ్ళ కిందట చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు తెలివితేటల పరీక్ష పెట్టి, ఒక్కొక్కరి జవాబులూ మార్కులూ ఒక్కో కార్డు మీద ఎక్కించారు. అలాంటి పాత కాగితాలే ఆమె చదువు. మానవ శాస్త్రాల చరిత్ర. మనిషి తోటి మనిషిని కొలవడం ఎప్పుడు మొదలుపెట్టాడు, తెలివినీ పిచ్చినీ జ్ఞాపకాన్నీ అంకెల్లోకి ఎలా దించాడు, ఆ అంకెలు ఎవరి బతుకును ఎటు తిప్పాయి అన్నదే ఆ శాస్త్రం. ఇదంతా ఇంట్లో చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. వదిన మాత్రం ఇప్పటికీ, "మా ఆడపడుచు పాత కాగితాల డాక్టరు," అని చెప్పుకుంటుంది.

పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్ళ పది నెలలైంది. గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం ప్రతి జూన్‌లోనూ ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఈ రంగంలో యువ పరిశోధకులకు ఏటా ఒక అవార్డు ఇస్తారు. పీహెచ్‌డీ అయి ఐదేళ్ళు దాటనివాళ్ళే పోటీకి అర్హులు. ఒక్క వ్యాసం పంపాలి. నెగ్గినవాళ్ళకు ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ఏడాది ఫెలోషిప్, తమకంటూ ఒక గది, తలుపు మీద పేరు. ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. గడువు ఆరు వారాలు.

మూడో రోజు టీ తాగుతూ గళ్ళచొక్కా అడిగాడు. "మీరూ అవార్డు కోసమేనా?"

ఆమె చేతిలో కప్పు ఆగింది. "మీరూ అంటే?"

"నేనూ."

"మీకింకా ఎన్నేళ్ళుంది?"

"రెండు."

"అయితే ఈసారికి తప్పుకోండి," అంది నవ్వుతూ. నవ్వింది గానీ సగం నిజంగానే అడిగింది. అది అతనికీ తెలిసింది. కప్పులోకి చూస్తూ, "మీరు జాలి భరించే మనిషిలా లేరు. లేకపోతే తప్పుకునేవాణ్ణే," అన్నాడు.

ఆ జవాబు ఆమెకు నచ్చింది. నచ్చిందన్న సంగతి మాత్రం నచ్చలేదు.

రోజులు గడిచాయి. అతను అటునుంచి, ఆమె ఇటునుంచి కార్డులు తిప్పుతూ వచ్చారు. బాగున్న జవాబు దొరికితే ఒకరికొకరు చదివి వినిపించుకునేవాళ్ళు. పెద్దగా నవ్వితే మేడమ్ స్కేలుతో బల్ల మీద టక్కుమని కొట్టేది. కొట్టి, "ఏంటి, ఏం రాశాడు?" అని తనూ వచ్చి వినేది.

"ఇవాళ గళ్ళచొక్కా ఏమన్నాడు?" అని వదిన రోజూ అడిగేది.

"అతనికి వేరే చొక్కాలు కూడా ఉన్నాయి వదినా."

"ఓహో! అవి కూడా లెక్కపెట్టావన్నమాట."

మూడు వారాలు నిండేసరికి పెట్టెలో ఒకే ఒక్క కార్డు మిగిలింది. రెండు వందల పద్నాలుగు. సరిగ్గా మధ్యది. ఇద్దరి చేతులూ ఒకేసారి దాని మీద పడ్డాయి, ఒకేసారి వెనక్కి వెళ్ళాయి.

"మీరు చదవండి," అందామె.

అతను చదివాడు. "ఆడపిల్ల. వయసు తొమ్మిది. ప్రశ్న, తలుపు మూసి ఉంది, లోపల ఎవరున్నారో ఎలా తెలుసుకుంటావు? జవాబు, గుమ్మం దగ్గర చెప్పులు చూస్తాను."

"భలే పిల్ల!"

"సున్నా వేశారు. తలుపు తట్టి అడుగుతాను అనాలట. తర్వాత, గుర్రానికీ బండికీ తేడా ఏమిటి? గుర్రం అలిసిపోతుంది. దీనికీ సున్నా."

"నిజమేగా, బండి అలిసిపోదు!"

"ఇల్లు అంటుకుంటే ఏం చేస్తావు? తమ్ముణ్ణి ఎత్తుకుంటాను." అతని గొంతు కాస్త తగ్గింది. "సున్నా. పెద్దవాళ్ళను పిలుస్తాను అనాలి."

కార్డు అడుగున వేరే సిరాతో రెండు వాక్యాలున్నాయి. ఈసారి ఆమె చదివింది. "మందబుద్ధి. చదువు వల్ల ప్రయోజనం లేదు కనుక బడి మాన్పించి ఇంటిపనికి పెట్టుట మేలని తండ్రికి తెలియజేయడమైనది."

ఇద్దరికీ అర్థమైపోయింది, తాము వెతుకుతున్న వ్యాసం ఈ ఒక్క కార్డులోనే ఉందని.

"మీరు తీసుకోండి," అన్నాడతను.

"మీరు తీసుకోండి అనడానికి ఇదేమైనా బిస్కట్టా?" అంది ఆమె. "ఈ పిల్ల బతికుంటే ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళుంటాయి. ఆవిణ్ణి అడక్కుండా ఎలా రాస్తాం?"

"పేరు రాయం కదా. యాభై ఏళ్ళు దాటిన రికార్డు ఎవరైనా వాడుకోవచ్చు. రూల్సులో ఉంది."

"రూల్సు పెట్టింది ఆవిడ కాదు."

"అడిగితే వద్దంటే?"

"మానేద్దాం."

"మీకిది ఆఖరి అవకాశం," అన్నాడతను నెమ్మదిగా. "గడువు మూడు వారాలు. పెళ్ళయి ఊరే మారిపోయుండొచ్చు. ఎక్కడని వెతుకుతారు?"

"అంటే, నాకు అవార్డు కావాలి కాబట్టి కళ్ళు మూసుకోమంటారా?"

"నేనలా అన్లేదు."

"ఆ పరీక్ష పెట్టినాయన కూడా ఏమీ అనుకుని ఉండడు. రూల్సు ప్రకారం సున్నా వేసుంటాడు."

అన్నాక ఆమెకే అనిపించింది, మాట కాస్త ఎక్కువైందని. అప్పటికే అతను పుస్తకాలు సర్దుకుంటున్నాడు.

మర్నాడు అతను రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. నాలుగో రోజు ఆమె ఏమీ పట్టనట్టు మొహం పెట్టి మేడమ్‌ని అడిగింది.

"ఆ అబ్బాయా? మొన్న పొద్దున్నే వచ్చి ఆ కార్డు మీదున్న చిరునామా రాసుకుని వెళ్ళాడమ్మా. నీకు చెప్పలేదూ?"

ఆమె సంచి తీసుకుని వచ్చేసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తను వెతుకుదామంటే వద్దన్నాడు. తను ఆలోచిస్తూ ఉండగానే అతనే వెళ్ళి వెతుక్కుంటున్నాడు. ఇంటికి రాగానే వదిన మొహం చూసి పసిగట్టేసింది.

"ఏమైంది? గళ్ళచొక్కా ఏమన్నాడు?"

"ఇక ఆ పేరెత్తకు వదినా."

"నువ్వతని అసలు పేరు ఎప్పుడు చెప్పావు గనక, ఎత్తడానికి?" అంది వదిన. కానీ ఆ సాయంత్రం ఇంకేమీ అడగలేదు. అన్నయ్యను కూడా అడగనివ్వలేదు.

ఏడో రోజు అతను రికార్డు గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. బూట్ల నిండా బురద.

"దొరికారు," అన్నాడు లేచి నిలబడి.

"శుభం. ఇంటర్వ్యూ అయిపోయిందా?"

"ఏ ఇంటర్వ్యూ?"

"నాకంటే ముందెళ్ళి చేసొచ్చారుగా!"

అతను తల అడ్డంగా ఊపాడు. "పాత చిరునామాలో ఇల్లే లేదు. ఆ వీధిలో అడుగుతూ పోతే ఆరో ఇంటివాళ్ళు ఆవిడ తమ్ముడి అడ్రసు చెప్పారు. ఆయన రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. 'మా అక్కా? లాండ్రీ నడుపుతోంది, వెళ్ళండి, కానీ పనివేళలో మాట్లాడదు,' అన్నాడు. వెళ్ళాను. చూశాను. ఒక లెక్చరర్ మేడమ్ మిమ్మల్ని కలవాలనుకుంటున్నారు, రావచ్చా అని అడిగాను. అంతే."

"కార్డు సంగతి?"

"ఎత్తలేదు. అడగాలన్నది మీరు. నేను వద్దన్నవాణ్ణి. అడిగే హక్కు నాకెక్కడిది?" అతను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "రేపు పదకొండు గంటలకు రమ్మన్నారు మిమ్మల్ని."

వారం రోజులుగా మనసులో తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. "మీరూ రండి," అని మాత్రం అందామె.

లాండ్రీ చిన్న గది. గోడల నిండా అరలు, అరల నిండా మడతలు. ఎక్కడా చీటీ లేదు, నంబరు లేదు. సన్నగా, నిటారుగా ఉన్న పెద్దావిడ ఇస్త్రీ పెట్టె పక్కకు జరిపి, వాళ్ళకు స్టూళ్ళు చూపించింది.

"ఏవి ఎవరివో ఎలా తెలుస్తాయండీ?" అడిగిందామె ఉండబట్టలేక.

"చొక్కాకి మనిషి ఒళ్ళు గుర్తుంటుందమ్మా. ఇదిగో, ఈయన బ్యాంకులో పని. ఎడమ జేబులో పెన్ను పెట్టి పెట్టి ఇక్కడ సాగింది. ఇది టీచరమ్మది, కుడి మోచెయ్యి అరిగిపోయింది. నాకు చదువు రాదు. కళ్ళున్నాయిగా." తర్వాత అతని వంక చూసింది. "ఈ అబ్బాయి చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటాడు. పాపం, చేతకాదు."

అతను సిగ్గుపడి చొక్కా అంచు లాక్కున్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె కార్డు విషయం, దాని మీద వ్యాసం రాయాలని ఇద్దరికీ ఉందన్న సంగతీ చెప్పింది. ప్రశ్నలూ జవాబులూ నకలు చూసి చదివింది.

పెద్దావిడ ఆసక్తిగా వింది. "తమ్ముణ్ణి ఎత్తుకుంటానన్నానా? అంతేగా మరి. వాడికి అప్పటికి నడక రాలేదు. దానికి సున్నా ఎందుకు?" అంది. తర్వాత, "కింద ఇంకా ఏదో రాసినట్టుందే?" అని అడిగింది.

ఆమె అతని వైపు చూసింది. అతను మెల్లగా తలూపాడు. ఆమె ఆ రెండు వాక్యాలూ చదివింది.

పెద్దావిడ నకలు వంక చూసింది. చేతికి దొరికిన దిండు గలీబు తీసి మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"మా అమ్మ చెప్పింది, రేపట్నుంచి బడికెళ్ళకు, నాకింట్లో సాయం కావాలి అని. నేను నేల మీద పడి ఏడ్చాను. పనికోసం నా చదువు చంపేసింది అనుకున్నాను. ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు, ఎప్పుడూ. పోయిన రోజు కూడా నా కంట నీళ్ళు రాలేదు." గలీబు అరలో పెట్టింది. "ఇదన్నమాట సంగతి. నాకు తెలివి లేదన్న మాట నా చెవిన పడకూడదని, నేరం తన మీద వేసుకుంది."



"ఇవాళ్టికి వెళ్ళండమ్మా," అంది పెద్దావిడ.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. వాన పట్టుకుంది. ఒకే గొడుగు ఉంది. అది ఇద్దరి మధ్యా తెరిచి, ఇద్దరూ చెరో భుజం తడుపుకుంటూ నడిచారు.

"తప్పు చేశామా?" అందామె.

"తెలీదు."

"అడక్కుండా రాస్తే ఆవిడకు తెలిసేదే కాదు. ప్రశాంతంగా ఉండేది."

"వాళ్ళమ్మ గురించి కూడా తెలిసేది కాదు," అన్నాడతను. కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు. "ఇంకో సంగతి చెప్పాలి. కాలేజీ పాత వార్షిక నివేదికలు తిరగేశాను. ఆ పరీక్షలు పెట్టినాయనకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆ కార్డులతో ఒక వ్యాసం రాశాడు. ఉత్తమ యువ పరిశోధకుడని పతకం ఇచ్చారు."

ఆమె అక్కడే ఆగిపోయింది. "ఈ పెట్టె మీద ఒకసారి అవార్డు వచ్చేసిందన్నమాట!"

"వచ్చేసింది. మనం రెండోసారి అడుగుతున్నాం."

ఆ రోజే ఇద్దరూ అనుకున్నారు, ఆవిడ సరే అనకపోతే ఆ కార్డు ఎవరూ ముట్టుకోకూడదని. ఆమె ఇంటికెళ్ళి తన వ్యాసంలోంచి ఆ పేజీలు తీసేసింది. తీసేశాక చూస్తే మిగిలింది నిజంగానే ఉత్త కాగితాల డాక్టరు రాసిన వ్యాసంలా ఉంది.

ఆరో రోజు లాండ్రీ నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దరూ వెళ్ళారు. పెద్దావిడ కళ్ళు వాచి ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది.

"మా తమ్ముణ్ణి తీసుకుని అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళొచ్చాను. చెప్పాల్సింది చెప్పుకున్నాను," అంది. "నువ్వు రాయమ్మా. నా మార్కుల సంగతి కాదు, మా అమ్మ సంగతి రాయి. అంత మాట కడుపులో దాచుకుని నా కోపం భరించిన సంగతి రాయి."

"రాస్తానండీ."

"ఆ పరీక్ష పెట్టిన మాష్టారు చెడ్డవాడు కాదు. అయ్యాక పరీక్షకు ఇచ్చిన పెన్సిలు నన్నే ఉంచుకోమన్నాడు. ఆ ప్రశ్నలకు అవే జవాబులని ఆయనకు ఎవరో నేర్పి ఉంటారుగా. అది ఈ అబ్బాయిని రాయమను. ఇద్దరూ ఒకదాని మీదే పడి కొట్టుకోవడం దేనికి?"

అలా ఒకే కార్డు రెండు వ్యాసాలైంది. ఆమె ఒక తల్లి మౌనం గురించి రాసింది. అతను పతకం కోసం తొందరపడిన ఒక ఇరవై నాలుగేళ్ళ కుర్రాడి గురించి రాశాడు. మిగిలిన వారం ఒకరిది ఒకరు దిద్దుకున్నారు. ఆమె అతని విశేషణాలు సగం కొట్టేసింది. అతను ఆమె కామాలన్నీ వెతికి పెట్టాడు. గడువుకు ఒక రోజు ముందే పంపేశారు.

రెండు నెలలకు ఫలితం వచ్చింది.

అవార్డు అతనికి. ఆమె వ్యాసానికి ప్రత్యేక ప్రశంస, పత్రికలో అచ్చు వేస్తామన్న మాట.

ఆమె "కంగ్రాచులేషన్స్" అని మెసేజ్ పెట్టింది. పెట్టి, తలుపేసుకుని ఏడ్చింది. వదిన తలుపు అవతల నుంచి, "నీది కూడా అచ్చవుతుందిగా," అంది. "ఆఖరిసారి వదినా, అయిపోయింది," అంది ఆమె. వదిన తలుపుకి అవతలే కూర్చుంది, వంట సంగతి అన్నయ్యకు వదిలేసి.

అతని దగ్గర్నుంచి "థాంక్స్" అని ఒక్క ముక్క వచ్చింది. తర్వాత ఫోన్ లేదు. ఒక రోజు. రెండు రోజులు. మూడో రోజు పొద్దున ఆమె మొహం కడుక్కుని, అడ్రసు వెతుక్కుని, అతనింటికి వెళ్ళింది.

కింద కళ్ళద్దాల షాపు, పైన ఇల్లు. షాపులో వాళ్ళ నాన్న ఒక ఫ్రేముకు మరలు బిగిస్తున్నాడు. ఆమెను చూసి, తను ఎవరో చెప్పకముందే లేచి నిలబడ్డాడు.

"నువ్వేనా తల్లీ! వెళ్ళు, పైనున్నాడు. మూడు రోజులుగా సరిగ్గా తినడు, మాట్లాడడు. అవార్డు వచ్చినవాళ్ళు ఇలాగే ఉంటారా అమ్మా? రానివాళ్ళు ఎలా ఉంటారో మరి!"

"ఇలాగే ఉంటారండీ," అందామె.

అతను పైన వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తెల్ల కాగితం. ఆమెను చూడగానే అది దాచబోయాడు.

"ఏంటది?"

"ఫెలోషిప్ వద్దని ఉత్తరం రాద్దామని..."

"రాస్తే మళ్ళీ నా మొహం చూడొద్దు."

"ఇది మీకు రావాల్సింది. నాకింకా రెండేళ్ళుంది. పైగా అదే పెట్టె. ఆయనకూ దాని మీదే పతకం వచ్చింది, ఇప్పుడు నాకూ. మీ ముందుకు ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. "ఆయన ఎవర్నీ అడగలేదు. మనం అడిగాం. ఏడిపించాం, వద్దంటే మానేద్దామనుకున్నాం. రెండూ ఒకటెలా అవుతాయి?" ఊపిరి పీల్చుకుంది. "ఇక నాకు రావాల్సింది అంటారా, నిజమే, రావాల్సిందే అనుకున్నాను. నాకు కుళ్ళుగా ఉంది. చాలా. మీ వ్యాసం మళ్ళీ చదివాను, తప్పులు దొరుకుతాయేమోనని. దొరకలేదు. దాంతో ఇంకా మండింది."

అతను నవ్వాలో వద్దో తెలియక చూస్తున్నాడు.

"రెండు రోజులు ఏడ్చాను," అందామె. "ఇవాళ పొద్దున ఏడుపు ఆగాక నిదానంగా ఆలోచిస్తే, అవార్డు కోసం ఏడ్చింది సగమే. మిగతా సగం మీరు ఫోన్ చెయ్యలేదని."

వరండాలో గాలి వీచి కాగితం కింద పడింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తియ్యలేదు.

"ఏడాది పాటు అక్కడుండాలి," అన్నాడతను చివరికి.

"ఉండండి. మా కాలేజీవాళ్ళు నన్ను ఇంకో ఏడాది ఉంచారు. ఆదివారాలు రైళ్ళు నడుస్తాయి."

అతను లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"మిమ్మల్ని ఒకటి అడగాలి. జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు."

"అడుగు."

అతను నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. "ఏమన్నారు?"

"అడుగు అన్నాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో మొదలుపెట్టబోయాడు, ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టబోయాడు. "ఎలా అడగాలనుకున్నానో మర్చిపోయాను," అన్నాడు నిస్సహాయంగా.

"ఫర్వాలేదు," అందామె. "నా జవాబు సరేనని. ఇక నువ్వు నిదానంగా గుర్తు తెచ్చుకో."